వెనక కూర్చున్నవాళ్ళు

పాళెం, విడవలూరు మండలం
12 జూన్ 2023

ముత్యాలూ,

నీకు చెవి వినపడదు కనుక ఫోను చెయ్యలేదు. నాకు ఫోనులో మాట రాదు కనుక అదీ మంచిదే.

నువ్వు ఆసుపత్రికి వచ్చి మీ అక్కను చూసిపోయిన తర్వాతి సంగతి రాస్తున్నాను. కామమ్మకు కిడ్నీలు రెండూ పని చెయ్యడం లేదట. మంగళ, గురు, శనివారాలు నెల్లూరు పోయి మిషను మీద పడుకోవాలి. నాలుగు గంటలు. ఎన్నాళ్ళు అని అడిగాను. "ఉన్నన్నాళ్ళు" అన్నాడు డాక్టరు.

పోవడం మన లారీలోనే. తెల్లవారుజామున బయలుదేరతాము. ఎప్పటిలాగే వెనక మన పాళెం ఆడవాళ్ళు పన్నెండు మంది, చేపల గంపలు. వాళ్ళు మార్కెట్టు దగ్గర దిగుతారు. మహాలక్ష్మి మాత్రం దిగకుండా ఆసుపత్రి దాకా వచ్చి, మీ అక్కను దించి, తర్వాత మార్కెట్టుకు నడిచిపోతుంది. మధ్యాహ్నం ఐసు వేసుకుని అందరం తిరిగి వస్తాము.

ఇరవై ఏళ్ళు లారీ వెనక గంప పక్కన కూర్చుని పోయిన మనిషి మీ అక్క. ఇప్పుడు ముందు సీట్లో కూర్చోబెడితే, "నన్నెందుకు వాళ్ళ నించి ఏరు పెట్టినావు?" అంటుంది. గుంటల్లో బండి ఎగిరితే నడుము పట్టుకుంటుంది కానీ పైకి అనదు.

కారు కొనమని నువ్వు ఆసుపత్రిలో చెప్పిన మాట మరిచిపోలేదు. ఆలోచిస్తాను.

పెంచలయ్య


దొరవారిసత్రం
21 జూన్ 2023

బావకు ముత్యాలయ్య దండాలు.

ఇక్కడ వాన లేదు, కరెంటు లేదు, మీ చెల్లెలు చేసే పులుసులో ఉప్పు లేదు. తక్కినవన్నీ ఉన్నాయి.

బావా, ఆలోచిస్తాను అని రాశావే, నువ్వు ఆలోచించడం మొదలుపెడితే తేలేది ఎప్పటికి? పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కూడా అట్లాగే అన్నావు. మా నాయన మూడు నెలలు వాకిట్లో మంచం వేసుకుని నీ జవాబు కోసం కూర్చున్నాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు స్టీరింగు పట్టినవాణ్ణి. బండి సంగతి నాకు చెప్పనక్కర లేదు. నీ లారీ వయసు నా పెద్దకొడుకు వయసు. లీటరుకు ఏడు కిలోమీటర్లు కూడా ఇవ్వదు. కమాను కట్టలు పోయాయి, బ్రేకు నిలబడి తొక్కాలి, చలికాలంలో పది మంది తొయ్యాలి. అందులో కిడ్నీ మనిషిని వారానికి మూడు సార్లు కుదిపి కుదిపి తీసుకుపోతున్నావు. మనిషిని తీసుకుపోతున్నావా, వడ్లు దంచుతున్నావా?

నాయుడుపేటలో ఒక రిటైరయిన మేష్టారు కారు అమ్ముతున్నాడు. చిన్న బండి, తెల్లది. ఆదివారం చర్చికి, మళ్ళీ ఇంటికి, అంతే తిరిగిందట. లీటరుకు ఇరవై ఇస్తుంది. చిన్నది కనుక చేతిలో ఉంటుంది, ముందూ పక్కలూ బాగా కనిపిస్తాయి. లారీ అమ్మితే దానికి సరిపోతుంది. ఇంకేం కావాలి నీకు?

ఒక్కటే అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆడవాళ్ళ గంపలు ముఖ్యమా, మా అక్క ముఖ్యమా?

నీ బావమరిది
ముత్యాలయ్య


పాళెం
9 జూలై 2023

ముత్యాలూ,

నీ ఆఖరి మాట చదివి రెండు వారాలు రాయలేకపోయాను.

మొన్న లారీ రేడియేటరు కారి రెండు రోజులు ఆగింది. కామమ్మను ఆటోలో తీసుకుపోయాను. ఆడవాళ్ళు విడవలూరు దాకా నడిచి బస్సు ఎక్కబోయారు. కండక్టరు ఎక్కనివ్వలేదు. నీసు వాసన, ప్యాసింజర్లు తిడతారు అన్నాడట. మహాలక్ష్మి సంగతి నీకు తెలుసు కదా. "ఏం సామీ, ఇంటికి పొయ్యి నువ్వు తినేది వాసన లేని చేపా? అదేదో మాకూ చెప్పు, దాన్నే పట్టుకొస్తాం" అన్నదట. బస్సులో అందరూ నవ్వారట. నవ్వి, బస్సు పోనిచ్చారట. ఆరోజు చేప ఎండబెట్టుకున్నారు.

వాళ్ళ సంగతి అది.

నా సంగతి కూడా ఒకటి ఉంది. వాళ్ళు లేకుండా నేను బండి నడపలేను. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

కామమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

పెంచలయ్య


దొరవారిసత్రం
2 ఆగస్టు 2023

బావకు,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. మూడోసారి మీ చెల్లెలికి కూడా వినిపించాను. కిందపడి నవ్వింది. పన్నెండు మంది ఆడవాళ్ళు వెనక లేకపోతే బండి కదలదా బావా? డెబ్బై దగ్గర పడుతుంటే ఇదేం సరసం? మా అక్కకు చదివి వినిపించు, ఆమె కూడా కాస్త నవ్వుకుంటుంది.

నవ్వు అక్కడితో ఆపుతాను. బస్సులో ఎక్కనివ్వలేదని నాకు రాయడం దేనికి? నేను ఎక్కించుకోని వాణ్ణి అనా? బస్సు వాళ్ళను అంటే నన్ను అన్నట్టే. నా బస్సులో ఎన్ని గంపలు ఎక్కాయో, ఎన్ని సార్లు పైవాళ్ళ చేత మాట పడ్డానో నీకు తెలియదు.

అసలు సంగతికి వస్తాను. మేష్టారుకు అడ్వాన్సు ఇచ్చేశాను. నిన్ను అడగలేదు. అడిగితే ఆలోచిస్తాను అంటావు. నువ్వు కారు వద్దంటే బలవంతపెట్టను. అక్కను నేను తెచ్చుకుని ఇక్కడ పెట్టుకుంటాను. నాయుడుపేట పక్కన మిషను ఉందట, కనుక్కున్నాను. నువ్వు నీ లారీతో, నీ గంపలతో హాయిగా ఉండు.

ఈ మాట కోపంతో రాయలేదు. అక్క నన్ను చెయ్యి పట్టుకుని అడిగింది. ఏం అడిగిందో నేను రాయను.

ముత్యాలయ్య


పాళెం
18 సెప్టెంబర్ 2023

ముత్యాలూ,

కామమ్మకు వినిపించాను. నవ్వలేదు.

నీ తమ్ముణ్ణి ఏం అడిగావని ఆమెను అడిగాను. గోడ వైపు తిరిగి పడుకుంది. మీ ఇంటికి తీసుకుపొమ్మని అడిగిందనుకున్నాను. నలభై నాలుగేళ్ళ తర్వాత ఆమె నా ఇంట్లో ఉండనంటే, నేను లారీ పెట్టుకుని ఏం చేసుకోవాలి? మర్నాడే అల్లూరు వైపు రొయ్యల గుంటలాయనకు అమ్మేశాను.

నువ్వు కారు తెచ్చి ఇచ్చి రెండు రోజులున్నావు. గేర్లు చూపించావు. ఏసీ చూపించావు. అద్దాలు సరిచేశావు. మనం మాట్లాడుకున్నది అంతే.

నువ్వు పోయాక ఆడవాళ్ళు కారు చూడడానికి వచ్చారు. పసుపు పూసి, నిమ్మకాయ కట్టారు. కొత్త పడవకు చేసినట్టే అన్నీ చేశారు. మహాలక్ష్మి చుట్టూ తిరిగి చూసి, "మేం యాడ కూచోవాలన్నా? ఈ డిక్కీలో పడుకోవాల్నా?" అన్నది. అందరూ నవ్వారు. తర్వాత ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు.

కారు మంచిదే. కామమ్మ నడుము నొప్పి తగ్గింది. అద్దాలు ఎక్కిస్తే చప్పుడు అనేదే లేదు. నాకు అది అలవాటు కాలేదు. చాలా మెల్లగా పోతున్నాను. గంటంపావులో చేరేవాళ్ళం, ఇప్పుడు రెండు గంటలు పడుతుంది.

పెంచలయ్య


దొరవారిసత్రం
14 అక్టోబర్ 2023

బావకు దండాలు.

నీ ఉత్తరం చదివి నా మనసు కుదుటపడింది. చూశావా, లారీ పోతే ప్రపంచం మునిగిపోలేదు. అక్క నడుము నొప్పి తగ్గింది, అది చాలు నాకు. మెల్లగా పోతే నష్టమేమీ లేదు. పెట్రోలు కలిసొస్తుంది కూడా.

ఎడమ అద్దం మీద నేను అతికించిన గుండ్రటి చిన్న అద్దం ఉంది చూడు, అది తీసెయ్యవద్దు. ఎడమకు తిప్పేముందు ఒకసారి కాదు, రెండు సార్లు చూడు. నడిపేవాడు ఎంత పాతవాడైనా ఎడమ పక్కే మోసం చేస్తుంది. నేను ఊరికే రాస్తున్నాను, నీకు తెలియక కాదు.

ఆడవాళ్ళు ఇప్పుడు ఎట్లా పోతున్నారు? ఆ సంగతి రాయలేదు. నా మీద కోపమా? నువ్వు రాయకపోతే కోపం అనుకుంటాను. రాస్తే రెండు ముక్కలు రాస్తావు, అప్పుడూ కోపమే అనుకుంటాను. నీతో ఇదే చిక్కు.

ముత్యాలయ్య


పాళెం
1 డిసెంబర్ 2023

ముత్యాలూ,

మంగళవారం మహాలక్ష్మిని కారుతో గుద్దాను.

ప్రాణం పోలేదు. తుంటి ఎముక విరిగింది. ప్లేటు వేస్తారు. నడుస్తుందట, కర్ర పట్టుకుని. గంప మాత్రం ఇక ఎత్తలేదు అన్నారు.

ఆడవాళ్ళు ఎట్లా పోతున్నారు అని అడిగావు. అడ్డరోడ్డు దగ్గర నిలబడతారు. ఏదో ఒక ఆటో ఒప్పుకుంటే పోతారు, లేకుంటే వెనక్కి వస్తారు. రోజూ వాళ్ళ ముందు నుంచే మేం ఇద్దరం కారులో పోయేవాళ్ళం. మొదట్లో చెయ్యి ఎత్తేవాళ్ళు. తర్వాత మానేశారు. మంగళవారం మంచు బాగా పట్టింది. ఎదురుగా రొయ్యల మేత వేసుకుని ట్రాక్టరు వచ్చింది. అడ్డరోడ్డు దగ్గరే ఎడమకు తిప్పాను. నీ గుండ్రటి అద్దంలో కూడా చూశాను. నాకు ఖాళీగానే కనిపించింది. మిషను రోజుల్లో కామమ్మకు తెల్లవారి మెడ నిలబడదు, కళ్ళు మూసుకుని ఉంది.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి నీకు రాస్తున్నాను. నా ఎడమ కన్ను రెండేళ్ళుగా పని చెయ్యదు. వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు. నరం ఎండిపోయింది, ఆపరేషను లేదు అన్నారు.

మరి లారీ ఎట్లా నడిపావు అంటావు. వెనక ఎడమ పక్క మూలలో మహాలక్ష్మి కూర్చునేది. మొదట్లో ఎవరైనా దిగాల్సి ఉంటేనే బాడీ చెక్క మీద కొట్టేది. కన్ను పోయాక ఎడమ పక్క సైకిలు వస్తే ఒక దెబ్బ కొట్టసాగింది. పెద్ద బండి వస్తే రెండు. వంపు దగ్గర కొడుతూనే ఉండేది, ఖాళీ అయితేనే ఆపేది. ఆమె కునుకు తీస్తే ఇంకొకరు కొట్టేవాళ్ళు. నేను కొట్టమని ఎప్పుడూ అడగలేదు. ఎందుకు కొడుతున్నారో వాళ్ళు ఎప్పుడూ చెప్పలేదు. మార్కెట్టు దగ్గర కూడా దిగకుండా ఆసుపత్రి దాకా వచ్చేది కామమ్మ కోసమే అనుకున్నాను.

నిన్న ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన నిలబడి, నా కన్ను, అని మొదలుపెట్టాను. "మాకు తెల్దా అన్నా? రెండేళ్ళ నించి చేతులు కాయలు కాసేట్టు కొడతా ఉండాం కదా" అన్నది. అని, మొహం తిప్పుకుంది.

వాళ్ళు లేకుండా బండి నడపలేను అని జూలైలో రాశాను. నువ్వు సరసం అన్నావు. విప్పి రాయాల్సింది. నువ్వు డ్రైవరువి. నీకు రాయడానికి సిగ్గయింది. తప్పు నాదే.

పెంచలయ్య


దొరవారిసత్రం
19 డిసెంబర్ 2023

బావా,

తుపానుకు పోస్టు ఆగి నీ ఉత్తరం మొన్న చేరింది.

తప్పు నాదే అని రాశావు. అట్లా రాయవద్దు. నేను చెప్పేది విని, తర్వాత ఏం రాయాలో అది రాయి.

నీ కన్ను సంగతి నాకు తెలుసు.

జూన్‌లో ఆసుపత్రికి వచ్చినప్పుడు, నువ్వు మందులకు పోయావు. అక్క నా చెయ్యి పట్టుకుంది. "మీ బావకు ఎడం కన్ను లేదురా. నేను చెప్తే సిగ్గుతో చస్తాడు. నువ్వు డ్రైవరువి, నువ్వు చెప్తే వింటాడు. ఎట్నోకట్ట స్టీరింగు దింపు" అన్నది. అదీ ఆమె అడిగింది. మా ఇంటికి వస్తానని కాదు.

నేను చెప్పలేకపోయాను. ఎందుకో కూడా రాస్తాను. ఇన్నేళ్ళుగా మీ అందరికీ రిటైరయ్యానని చెప్పుకుంటున్నాను. రిటైరు కాలేదు. డిపోలో డాక్టరు చెవి పరీక్ష చేసి, హారను వినపడనివాడు బస్సు నడపరాదు అని రాశాడు. మర్నాడు నా డ్యూటీ చార్టులో నా పేరు ఉన్నచోట ఇంకొకడి పేరు ఉంది. ఆరేళ్ళు డిపోలో టైర్ల లెక్క చూశాను. నా బస్సు గేటు దాటి పోతుంటే టైర్ల చాటుకు పోయేవాణ్ణి. ఆ పని నీకు నా నోటితో చెయ్యలేకపోయాను బావా. అందుకని మైలేజీ అన్నాను, నడుము అన్నాను. చిన్న బండి అయితే ఒంటి కన్నుతో సర్దుకుంటాడులే అనుకున్నాను. అక్క నిన్ను స్టీరింగు దింపమంది. నేను స్టీరింగు మార్చి ఇచ్చాను.

వాళ్ళు వెనక నుంచి కొడతారని మాత్రం నాకు తెలియదు. అక్కకు తెలుసో లేదో తెలియదు. నాకు తెలిసి ఉంటే ఆ లారీ అమ్మనిచ్చేవాణ్ణి కాదు. ఈ మాట ఒట్టేసి చెబుతున్నాను.

పోలీసు కేసు ఏమయింది? నేను వస్తాను. రమ్మని ఒక్క ముక్క రాయి.

ముత్యాలయ్య


పాళెం
9 జనవరి 2024

ముత్యాలూ,

రావద్దు.

నీ ఉత్తరం కామమ్మకు వినిపించాను. నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. "నీ కన్ను నీకు తెలీకనా? తెలిసినోడికి ఏం చెప్పేది?" అన్నది. వాళ్ళు కొట్టడం తెలుసా అని అడిగాను. నడుము నొప్పిలో ఆమె దాన్ని పట్టించుకోలేదట. గంపలు కదులుతున్నాయి అనుకుందట. నువ్వూ నేనూ ఆమే, ముగ్గురం ముగ్గురికీ మంచే చేశాము.

కేసు లేదు. మహాలక్ష్మి పోలీసుకు తనే జారి పడ్డాను అని చెప్పింది. తర్వాత పాళెం పెద్దలు కూర్చున్నారు. నేను తప్పు డబ్బు కట్టడానికి సిద్ధపడి పోయాను. మన పద్ధతి నీకు తెలుసు. పెద్దలు తప్పు వేస్తే కట్టాలి. కట్టినవాడు అందరి మధ్య కూర్చుని టీ తాగి లేస్తాడు. తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తరాదు. అంతటితో తీరిపోతుంది. మహాలక్ష్మి మంచంలో నుంచే కబురు పంపిందట, అన్న మీద తప్పు వెయ్యొద్దు అని. పెద్దలు సరే అన్నారు. నాకు వెయ్యలేదు. టీ ఇవ్వలేదు. లేచి వచ్చాను. ఎంతైనా కట్టేవాణ్ణి ముత్యాలూ. కట్టమనలేదు కనుక ఇది తీరదు.

కారు నేను మళ్ళీ ముట్టుకోలేదు. కామమ్మ అందులో ఎక్కనంది. ఒక వారం మిషనుకు పోనేలేదు, కాళ్ళు ఉబ్బాయి. ఆ సంగతి తెలిసి ఆడవాళ్ళే వచ్చారు. వాళ్ళందరూ కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నారు. మంగళ, గురు, శని మీ అక్కను గంపల మధ్య పరుపు వేసి కూర్చోబెట్టుకుని తీసుకుపోతున్నారు. ఆసుపత్రిలో దించి, మధ్యాహ్నం ఎక్కించుకుని వస్తారు. దారి పొడుగునా వాళ్ళతో మాట్లాడుతుందట. ఇంటికి వచ్చాక నాతో మాట్లాడదు.

ఈ రోజు మంగళవారం. తెల్లవారి నేను కూడా అడ్డరోడ్డు దాకా పోయాను. ఆమె వెంట ఆసుపత్రికి పోదామని. ఆటో ఆగింది. మీ అక్కను ఇద్దరు చేతులు పట్టి ఎక్కించారు. నేను నిలబడ్డాను. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వద్దని అనలేదు. మహాలక్ష్మి కోడలు సాయిలక్ష్మి అంచున కూర్చుని ఉంది. నన్ను చూసి, పక్కనున్న ఆమెతో "కొంచిం జరగత్తా" అన్నది. జరిగారు. మనిషి పట్టేంత చోటు అయింది. నేను ఆటో మీద చెయ్యి వేసి కాలు ఎత్తాను.

సాయిలక్ష్మి కిందికి వంగి, రోడ్డు మీద ఉన్న మహాలక్ష్మి గంపను ఎత్తి ఆ చోట్లో పెట్టుకుంది.

ఆటో పోయింది.

పెంచలయ్య